ఎర్ర గీత మాత్రలు తుంచి ఇవ్వకండి: కర్నూలు జిల్లా మెడికల్ షాపుల వారికి బహిరంగ లేఖ

కర్నూలు టౌనులో, ఆదోనిలో, ఎమ్మిగనూరులో, పత్తికొండ, ఆలూరు, కోడుమూరు దారుల్లో మెడికల్ షాపులు నడుపుతున్న అన్నలకు, అక్కలకు, కౌంటర్ వెనక పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం.

నేను కర్నూలులోనే ఒక ల్యాబులో టెక్నీషియన్‌ని. 16 ఏళ్లుగా మైక్రోబయాలజీలోనే ఉన్నాను. రోగి మూత్రమో, చీమో, రక్తమో, కళ్లెనో మా దగ్గరికి వస్తే అందులో ఏ క్రిమి ఉందో పెంచి చూస్తాను. అది ఏ మందుకు చస్తుందో, ఏ మందుకు చావదో రాసిస్తాను. కల్చర్ అండ్ సెన్సిటివిటీ అని మీరు రోజూ వినే టెస్టు ఇదే. మీరు అమ్మిన మందులు ఈ జిల్లాలో ఎక్కడ పనిచేస్తున్నాయో, ఎక్కడ మానేశాయో మీకంటే ముందు నాకు తెలుస్తుంది. అందుకే ఈ ఉత్తరం డాక్టర్లకో కలెక్టరుకో రాయకుండా మీకు రాస్తున్నాను. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉండే యాంటీబయోటిక్‌లను, అంటే బాక్టీరియా మీద పనిచేసే మందులను, డాక్టరు చీటీ లేకుండా రెండు మూడు తుంచి ఇవ్వకండని అడగటానికే ఇది.

ఆ టెస్టు ఎలా చేస్తామో ముందు చెప్తాను. చిన్న ప్లేటులో జెల్లీ లాంటి అగార్ పోసి, అది గట్టిపడ్డాక దాని మీద క్రిమిని ఇల్లు అలికినట్టు ఒక్క చోటూ వదలకుండా పలచగా రాస్తాం. పైన మందు అద్దిన కాగితం బిళ్లలు పెడతాం. ఒక్కో బిళ్లలో ఒక్కో యాంటీబయోటిక్. సాయంత్రం ఇంక్యుబేటర్‌లో పెడితే పొద్దునకు క్రిమి ప్లేటంతా తెల్లటి పొరలా పెరిగి ఉంటుంది. మందు పనిచేసిన బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి, సరిపడా ఉంటే ఎస్ అని, లేకపోతే ఆర్ అని రాస్తాం. ఎస్ అంటే క్రిమి ఆ మందుకు లొంగుతుంది. ఆర్ అంటే లొంగదు.

నేను చేరిన కొత్తలో కూడా మూత్రంలో దొరికే ఈ-కోలై అనే బాక్టీరియాకు సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్ల చుట్టూ ఖాళీ సరిగా వచ్చేది కాదు. ఆ మందును అంతకుముందే పాడు చేసుకున్నాం. కానీ మిగతావి పనిచేయనప్పుడు ఆసుపత్రిలో ఇచ్చే మెరోపెనెమ్ బిళ్ల చుట్టూ దాదాపు ఎప్పుడూ పెద్ద వలయం కనబడేది. మిగతా అన్నిటికీ ఆర్ రాసినా ఆ ఒక్కదానికి ఎస్ రాసేటప్పుడు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఆ బిళ్లను ఆనుకుని కూడా క్రిమి పెరిగిన ప్లేట్లు చూస్తున్నాను. అలాంటి ప్లేట్లలో ఒకటి మా నాయనది.

నాయనకు 71 ఏళ్లు. కోడుమూరు వైపు పల్లెలో ఉంటాడు. షుగర్ ఉంది. ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బటం వల్ల మూత్రం పూర్తిగా దిగేది కాదు, అందుకే మాటిమాటికి మంట వచ్చేది. మంట వచ్చినప్పుడల్లా బస్టాండు దగ్గర షాపుకు పోయి "మంట మాత్రలు ఇయ్యి" అనేవాడు. ఆ అన్న సెఫిక్సిమ్ అనే యాంటీబయోటిక్ స్ట్రిప్ తీసి కత్తెరతో మూడు మాత్రలు కత్తిరించి ఇచ్చేవాడు. రెండు వేసుకునేసరికి మంట తగ్గేది. మూడోది చొక్కా జేబులోనే ఉండిపోయేది. ఇలా మూడేళ్లు. నేను వద్దని ఫోన్‌లో చెప్తూనే ఉన్నాను. "తగ్గుతాండాది కదమ్మా, ఇంగేం" అనేవాడు. కూతురు ల్యాబులో పనిచేస్తున్నా పల్లెలో మనిషికి దగ్గరగా ఉండేది బస్టాండు దగ్గరి షాపే.

ఆ షాపు అన్న చెడ్డవాడు కాడు. నాయన దగ్గర డబ్బుల్లేని రోజు పుస్తకంలో రాసుకుని ఇచ్చేవాడు. రాత్రి పదకొండుకు తలుపు కొట్టినా లేచి వచ్చేవాడు. మా ఊర్లో ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు గుర్తొచ్చేది ఆయనే. నేను ఈ ఉత్తరం కోపంతో రాయటం లేదని మీకు తెలియాలనే ఇది చెప్తున్నాను.

రెండేళ్ల కిందట సంక్రాంతి తర్వాత ఒక రాత్రి నాయనకు వణుకుడు జ్వరం వచ్చింది. ఈసారి మూడు మాత్రలకు తగ్గలేదు. తెల్లారేసరికి మాట తడబడుతోంది, మూత్రం రావటం లేదు. కర్నూలుకు తెచ్చి ఆసుపత్రిలో చేర్చాం. రక్తం, మూత్రం కల్చర్‌కు మా ల్యాబుకే వచ్చాయి. ప్లేటు నేనే చదివాను. క్లెబ్సియెల్లా అనే బాక్టీరియా. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లీవోఫ్లాక్సాసిన్, అమికాసిన్, పిపెరాసిలిన్-టాజోబాక్టమ్, చివరికి మెరోపెనెమ్. ఏ బిళ్ల చుట్టూ ఖాళీ లేదు. స్కేలు పెట్టి కొలవటానికి కూడా ఏమీ లేదు. పక్కన కూర్చున్న మా డాక్టరమ్మ ప్లేటు చూసి, నన్ను చూసి, "ఈ రిపోర్టు నేను రాస్తాలే" అన్నారు.

ఆ క్రిమి అలా ఎలా తయారైందో చెప్పాలి. ఇది అర్థమైతే మూడు మాత్రలు తుంచి ఇవ్వటం ఎందుకు ప్రమాదమో నేను వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర జనం "నా ఒంటికి ఈ మందు అలవాటైపోయింది, ఇంకా పవర్‌ది ఇయ్యి" అంటారు. కౌంటర్ దగ్గర రోజుకు ఎన్నిసార్లు వింటారో మీకే తెలుసు. ఇది తప్పు. ఒళ్లు యాంటీబయోటిక్‌కు అలవాటు పడదు. మారింది ఒంట్లో ఉన్న క్రిమి. అది కూడా అలవాటు పడి మారలేదు. మీలో చాలామంది రైతు ఇళ్ల వాళ్లే, ఆదోని యార్డుకు పత్తి తోలిన ఇళ్ల వాళ్లే, కాబట్టి పత్తి చేను గుర్తు చేసుకోండి. కొత్త మందు కొట్టిన మొదటి ఏడాది పచ్చపురుగు రాలిపడుతుంది. కానీ లక్షల పురుగుల్లో ఎక్కడో ఒకటి పుట్టుకతోనే ఆ మందును తట్టుకునేది ఉంటుంది. మిగతావన్నీ చస్తాయి, అది బతుకుతుంది. చేనంతా దానిదే అవుతుంది. మరుసటి ఏడాది చేనులో ఉండేవి దాని పిల్లలే. బీటీ పత్తి వచ్చాక కూడా గులాబీ రంగు పురుగు ఇలాగే తిరిగి వచ్చింది. మందు పురుగును మొండిదిగా చేయదు. మొండి పురుగును ఏరి మిగులుస్తుంది.

బాక్టీరియాలోనూ జరిగేది ఇదే, కాకపోతే వేగం వేరు. పురుగుకు ఒక తరం గడవటానికి వారాలు పడుతుంది. ఈ-కోలైకి అన్నీ అనుకూలంగా ఉంటే 20 నిమిషాలు చాలు. రాత్రి పడుకునేటప్పుడు ఒక్కటి ఉంటే, అదే వేగంతో పోతే 8 గంటల్లో 1 కోటి 67 లక్షలు దాటుతాయి. ఒకటి రెండయ్యే ప్రతిసారీ దాని జన్యువులను నకలు తీసుకుంటుంది. కోట్ల నకళ్లలో ఎక్కడో ఒక తప్పు పడుతుంది. ఆ తప్పు ఒక్కోసారి ఆ క్రిమికే మేలు చేస్తుంది. ఆ సమయంలో ఒంట్లో చాలీచాలని మందు ఉంటే ఆ ఒక్కదానికి దారి తెరిచినట్టే.

మందును తప్పించుకోవటానికి క్రిమికి ఉన్న దారులు కొన్నే. ఒకటి, మందునే కోసేసే ఎంజైమ్ తయారు చేసుకోవటం. పెన్సిలిన్, సెఫిక్సిమ్, మెరోపెనెమ్ అన్నిటి గుండెకాయ బీటా లాక్టమ్ అనే ఉంగరం లాంటి నిర్మాణం. ఆ ఉంగరాన్ని విరిచేస్తే మందు పనికిరాదు. రిపోర్టుల్లో ఈఎస్‌బీఎల్ అని కనబడితే సెఫిక్సిమ్ లాంటి వాటిని విరిచే ఎంజైమ్ ఉందని అర్థం. ఎన్‌డీఎం అని ఉంటే మెరోపెనెమ్‌ను కూడా విరుస్తుందని అర్థం. రెండో దారి, మందు పోయి అతుక్కునే చోటు ఆకారం మార్చేసుకోవటం. సిప్రోఫ్లాక్సాసిన్ చాలా మటుకు ఇలాగే ఓడిపోయింది. చీము గడ్డల్లో దొరికే ఎంఆర్‌ఎస్‌ఏ అనే మొండి బాక్టీరియా చేసేదీ ఇదే. ఇవి కాక, మందు లోపలికి వచ్చే రంధ్రాలు మూసుకుంటుంది, వచ్చినదాన్ని పంపుతో బయటికి తోడేస్తుంది. నాయన ఒంట్లో దొరికిన క్లెబ్సియెల్లాకు ఎన్‌డీఎం ఉందని తర్వాత జన్యు పరీక్షలో తేలింది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. పురుగు తన గుణాన్ని తన పిల్లలకే ఇవ్వగలదు. బాక్టీరియా పక్కనున్న దానికి కూడా ఇస్తుంది, అది వేరే జాతిదైనా సరే. ప్లాస్మిడ్ అని ఒక చిన్న డీఎన్‌ఏ చుట్ట ఉంటుంది. రెండు బాక్టీరియాలు ఆనుకున్నప్పుడు, ఫోన్ నుంచి ఫోన్‌కు ఫైల్ పంపినట్టు ఆ చుట్ట నకలు ఒకదాని నుంచి ఇంకోదానికి పోతుంది. ఒకే చుట్టలో ఐదారు మందులను తప్పించుకునే జన్యువులు ఉండొచ్చు. అంటే మీరు సెఫిక్సిమ్ మాత్రమే ఇచ్చినా, దాంతో పాటు అమికాసిన్, లీవోఫ్లాక్సాసిన్ కూడా పనిచేయని క్రిమి మిగలొచ్చు. ఆ మార్పిడి ఎక్కువగా జరిగే చోటు మన పేగులు. అక్కడ కోట్లకు కోట్ల బాక్టీరియా పక్కపక్కనే ఉంటాయి.

అందుకే జలుబుకు అజిత్రోమైసిన్ మూడు మాత్రలు ఇచ్చినా నష్టమే. జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దాన్ని తాకదు. తాకేది పేగుల్లో మంచిగా బతుకుతున్న బాక్టీరియాను. వాటిలో లొంగేవి పోతాయి, లొంగనివి మిగులుతాయి. ఒక్క కోర్సు వేసుకున్నాక ఆ లొంగనివి ఒంట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా ఉండిపోతాయని పరిశోధనల్లో చూశారు. అవి ఆ మనిషి దగ్గరే ఆగవు. చేతుల మీద, మరుగుదొడ్డి ద్వారా, నీళ్ల ద్వారా ఇంట్లో వాళ్లకు పోతాయి. విరేచనాలకు కౌంటర్ మీద నుంచి ఇచ్చే ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ విషయంలోనూ ఇదే జరుగుతుంది. నీళ్ల విరేచనాలకు మొదట కావాల్సింది ఓఆర్‌ఎస్, పిల్లలైతే దాంతో పాటు జింక్. అవి మీ షాపులోనే ఉన్నాయి, చవక కూడా.

దీన్ని ముందే చూసిన మనిషి ఒకరున్నారు. 1928లో పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్. 1945 డిసెంబరులో నోబెల్ బహుమతి అందుకున్నప్పుడు చేసిన ప్రసంగంలో, పెన్సిలిన్‌ను ఎవరైనా షాపులో కొనుక్కునే రోజు రావొచ్చని, అప్పుడు తెలియక తక్కువ డోసు వేసుకుని క్రిములను మొండివిగా చేసే ప్రమాదం ఉందని చెప్పారు. ఒక ఉదాహరణ కూడా ఇచ్చారు. ఒకాయనకు గొంతు నొప్పి వస్తుంది. పెన్సిలిన్ కొనుక్కుని కొంచెమే వేసుకుంటాడు. క్రిములు చావవు, మందును ఎదుర్కోవటం నేర్చుకుంటాయి. ఆ క్రిములు ఆయన భార్యకు సోకుతాయి. ఆమెకు న్యుమోనియా వస్తుంది, పెన్సిలిన్ ఇస్తే పనిచేయదు, ఆమె చనిపోతుంది. ఆ చావుకు బాధ్యులెవరని ఫ్లెమింగ్ అడిగారు. ఆ భర్తేనని ఆయనే జవాబు చెప్పారు. షాపు నడిపే మనిషి గురించి ఆయన ఏమీ అనలేదు. ఆ మాట మనలో మనమే అనుకోవాలి.

ఈ మందులు మనకు తేలిగ్గా రాలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో జరిగిన పరిశోధన నుంచే ఆరియోమైసిన్ అనే యాంటీబయోటిక్ 1948లో లోకానికి అందింది. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది. ఒక తెలుగు మనిషి అంత దూరం పోయి పనిచేసి ఇచ్చిన దాన్ని మనం కౌంటర్ మీద కత్తెరతో పాడు చేస్తున్నాం. నాకు ఇది నిజంగా బాధగా ఉంటుంది.

ఇప్పుడు ఆసుపత్రిలో ఏం జరిగిందో చెప్తాను. మొండి క్రిమికి వైద్యం ఎలా ఉంటుందో మీరు చూడరు. మీ దగ్గర మాత్ర కొన్న మనిషి అక్కడికి చేరేసరికి మీ కంటికి దూరమైపోతాడు.

చేరిన రోజే డాక్టర్లు మెరోపెనెమ్ మొదలుపెట్టారు. రక్తంలో ఇన్ఫెక్షన్ ఉన్న మనిషికి రిపోర్టు వచ్చేదాకా ఆగే టైము ఉండదు. మూడో రోజు రిపోర్టు వచ్చేసరికి ఆ మూడు రోజులూ మందు పనిచేయలేదని తెలిసింది. మూత్రం నిలిచిపోయి ఉంది కాబట్టి పైపు వేసి ఖాళీ చేశారు. పైపు ఎక్కువ రోజులు ఉంచితే దాని మీదే క్రిమి పొర కట్టుకుంటుంది కాబట్టి ఎన్ని రోజులు ఉంచాలో రోజూ లెక్క చూసేవారు. చీము ఉంటే తీసేయటం, పాత పైపు మార్చటం కూడా మందులంత ముఖ్యమని నాకు అప్పుడే బాగా తెలిసింది.

మందు కొలిస్టిన్‌కు మార్చారు. ఇది 1950ల చివర్లో వాడకంలోకి వచ్చిన పాత మందు. కిడ్నీలను, నరాలను దెబ్బతీస్తుందని తర్వాత పక్కన పెట్టేశారు. కొత్త మందులన్నీ ఓడిపోతుంటే మళ్లీ దాన్నే తెచ్చుకోవాల్సి వచ్చింది. మా ల్యాబు వైపు నుంచి ఒక మాట చెప్తాను. కొలిస్టిన్ పనిచేస్తుందో లేదో బిళ్ల పెట్టి నమ్మకంగా చెప్పలేం. ద్రవంలో మందును రెట్లు రెట్లుగా పలచన చేసి, ఎక్కడ క్రిమి పెరగటం ఆగిందో చూడాలి. అలా చూసినా, మేం పాటించే సీఎల్‌ఎస్‌ఐ అనే అమెరికా సంస్థ ప్రమాణాల్లో 2020 నుంచి ఈ మందుకు ఎస్ అనే అక్షరమే లేదు. ఐ, అంటే ఎస్‌కూ ఆర్‌కూ మధ్యస్థం, లేదా ఆర్. అంటే బాగా పనిచేస్తుందని రాసే వీలే తీసేశారు. నాయన రిపోర్టులో కొలిస్టిన్ ఎదురుగా ఐ అని ఉంది. ఆ ఒక్క అక్షరం మీద నాలుగు రోజులు గడిపాం.

నాలుగో రోజుకు క్రియాటినిన్ పెరిగింది, అంటే కిడ్నీలు దెబ్బతింటున్నాయి. అప్పుడు సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్, దాంతో పాటు అజ్‌ట్రియోనామ్ మొదలుపెట్టారు. ఈ రెండూ కలిపి ఎందుకు ఇస్తారో డాక్టరమ్మ నాకు బొమ్మ గీసి చెప్పారు. ఎన్‌డీఎం ఎంజైమ్ అజ్‌ట్రియోనామ్‌ను విరవలేదు. కానీ అదే క్రిమిలో సాధారణంగా ఉండే ఈఎస్‌బీఎల్ విరిచేస్తుంది. అవిబాక్టమ్ ఆ ఈఎస్‌బీఎల్‌ను పట్టి ఉంచుతుంది, ఈలోగా అజ్‌ట్రియోనామ్ తన పని చేస్తుంది. మూడు రోజులకు జ్వరం దిగింది. 14 రోజులు ఇచ్చారు. ఖర్చు రోజుకు వేలల్లో. అమ్మ గాజులు, నా గొలుసు కుదవకు పోయాయి. మూడు సెఫిక్సిమ్ మాత్రల ధర ఎంతో మీకు తెలుసు.

నాయన 22 రోజులకు ఇంటికి వచ్చాడు. అదే వార్డులో అదే తరహా క్రిమితో ఉన్న ఇద్దరు రాలేదు. నాయన క్రియాటినిన్ మళ్లీ మునుపటి అంకెకు దిగలేదు. ఆ క్లెబ్సియెల్లా ఆయన పేగుల్లో ఇంకా ఉండొచ్చని చెప్పి పంపారు.

ప్రపంచం మొత్తం మీద 2019లో మందులకు లొంగని బాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు సుమారు 12 లక్షల 70 వేలని లాన్సెట్ పత్రికలో 2022లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అంత పెద్ద అంకె మనసుకు ఎక్కదు. నాకు గుర్తుండేది ఖాళీ లేని ఆ ప్లేటు.

కొత్త మందులు వస్తాయి కదా అని మీరు అడగొచ్చు. వస్తున్నాయి, మన దేశం నుంచి కూడా. చెన్నై కంపెనీ ఆర్కిడ్ కనిపెట్టిన ఎన్‌మెటాజోబాక్టమ్ 2024లో అమెరికాలో అనుమతి పొందింది. అది ఈఎస్‌బీఎల్ మీద పనిచేస్తుంది కానీ ఎన్‌డీఎం మీద కాదు. మొండి టీబీకి ఇప్పుడు ఆరు నెలల్లో అయిపోయే నోటి మాత్రల కోర్సు ఉంది, టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో సీబీనాట్ మిషన్ రెండు గంటల్లో చెప్తుంది. ఇవన్నీ సంతోషించాల్సినవే. కానీ ఒక మందు తయారై రావటానికి పదేళ్లకు పైగా పడుతుంది, దాన్ని కౌంటర్ మీద పాడు చేయటానికి అంత కాలం పట్టదు.

కోర్సు పూర్తి చేయమని మనం అందరికీ చెప్తుంటాం. అది సగం మాటే. డాక్టరు చూసి రాసిన రోజులు వాడాలి, మధ్యలో సొంతంగా మానేయకూడదు, టీబీలో అయితే మరీ. కానీ అవసరమే లేని జలుబుకు పూర్తి కోర్సు వేసుకుంటే మేలు జరగదు, నష్టమే ఎక్కువ. కాబట్టి "మూడు వద్దు, ఐదు తీసుకో" అని అమ్మటం నేను అడిగేది కాదు.

మీ కష్టాలు నాకు తెలియవని అనుకోకండి. కోసిగి వైపు నుంచి మిరపకాయల కోతకు గుంటూరు పోయే కుటుంబాలు బయలుదేరే ముందు మీ దగ్గరికి వచ్చి జ్వరానికి, విరేచనాలకు, నొప్పులకు కలిపి ఒక కవరు కట్టించుకుంటారు. చేనులో జ్వరం వస్తే వాళ్లకు డాక్టరు దొరకడు, ఒక రోజు కూలి పోతే అప్పు పెరుగుతుంది. డాక్టరు ఫీజు, టెస్టులు అంటే ఐదారు వందలు ఎక్కడి నుంచి తేవాలి? వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. ఆ కవరులో పారాసిటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింక్ పెట్టండి. ఎర్ర గీత మాత్ర మాత్రం పెట్టకండి. పీహెచ్‌సీలో చూపించుకోవటానికి డబ్బులు అక్కర్లేదని చెప్పండి. ఆ మాట నేను చెప్తే వినరు, మీరు చెప్తే వింటారు.

పదింటికి ఇన్ని ఫ్రీ అని మందుల కంపెనీల వాళ్లు యాంటీబయోటిక్‌ల మీద స్కీములు పెడతారని కూడా తెలుసు. పల్లెల్లో ఆర్‌ఎంపీలు టైఫాయిడ్‌కు చేసే విడాల్ టెస్టు పాజిటివ్ అనగానే సెఫ్ట్రియాక్సోన్ సూదులకు చీటీ రాసి మీ దగ్గరికి పంపుతారు. విడాల్ ఒక్కటి చూసి టైఫాయిడ్ అని తేల్చలేం. మన ప్రాంతంలో ఏ జబ్బూ లేని వాళ్లలో కూడా అది కొద్దిగా పాజిటివ్ రావొచ్చు. సూది పడకముందే రక్తం కల్చర్‌కు పంపితే అసలు సంగతి తెలుస్తుంది. ఒక్క డోసు పడ్డాక పంపితే చాలాసార్లు క్రిమి పెరగదు, మేం చేతులెత్తేయాల్సి వస్తుంది. దీని మీద ఆర్‌ఎంపీలకు వేరే ఉత్తరం రాయాలి, ఇక్కడ ఇంతటితో వదిలేస్తున్నాను.

చట్టం సంగతి మీకు నేను నేర్పక్కర్లేదు, అది మీ చదువులోదే. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఎందుకు ఉందో అందరికీ తెలియాలని కేంద్రం 2016లో ప్రచారం మొదలుపెట్టింది. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, లీవోఫ్లాక్సాసిన్, మెరోపెనెమ్ లాంటివి షెడ్యూల్ హెచ్1 అనే, చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి వీటికి వేరే రిజిస్టరు పెట్టాలి. రాసిన డాక్టరు, రోగి, మందు, ఎన్ని ఇచ్చారు, అన్నీ ఎక్కించి మూడేళ్లు దాచాలి. ఆ రిజిస్టరు ఇన్‌స్పెక్షన్ ముందు రోజు రాత్రి కూర్చుని నింపే షాపులు ఉన్నాయని మనందరికీ తెలుసు.

నాయన ఇంటికి వచ్చిన వారం తర్వాత నేను మా ఊరి షాపు అన్న దగ్గరికి పోయాను. ప్లేటు ఫోటో ఫోన్‌లో చూపించాను. చాలాసేపు చూశాడు. "నేనిచ్చిన మాత్రలేనా తల్లీ" అన్నాడు. ఆ మాత్రల వల్లే అని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు, ఆ క్రిమి ఎక్కడి నుంచైనా సోకి ఉండొచ్చు, కానీ మూడేళ్లు తుంచి వేసుకున్న మాత్రలు దానికి చోటు చేసి పెట్టాయి అన్నాను. మరుసటి రోజు నుంచి ఆయన చీటీ లేకుండా యాంటీబయోటిక్ ఇవ్వటం మానేశాడు. రెండు నెలలు అలాగే నిలబడ్డాడు. జనం రోడ్డు దాటి ఎదురు షాపుకు పోయారు. ఓఆర్‌ఎస్, షుగర్ మాత్రలు, చివరికి పిల్లల పాల డబ్బాలు కూడా అక్కడే కొనటం మొదలుపెట్టారు. "నేనొక్కణ్ణే ఆపితే ఏమయితాది తల్లీ, నా షాపు ఎండుతాది, ఎదురు షాపు నిండుతాది, క్రిమి మాత్రం అట్లనే ఉంటాది" అన్నాడు. ఆయన మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒక రైతు మందు కొట్టటం ఆపినా పక్క చేనుల్లో కొడుతూ ఉంటే మొండి పురుగు ఆ గట్టు దాటి రాకుండా ఉంటుందా?

అందుకే నేను ఒక్కొక్కరినీ విడివిడిగా అడగటం లేదు. మీ షాపుల సంఘం తర్వాతి సమావేశంలో దీన్ని ఎజెండాలో పెట్టమని అడుగుతున్నాను. ఒక తేదీ అనుకోండి. ఆ రోజు నుంచి కర్నూలు జిల్లాలో ఏ షాపులోనూ డాక్టరు చీటీ లేకుండా ఎర్ర గీత యాంటీబయోటిక్ ఇవ్వం, పాత చీటీ మీద మళ్లీ ఇవ్వం, రాసిన దానికంటే తక్కువ తుంచి ఇవ్వం అని అందరూ కలిసి తీర్మానం చేయండి. అందరి షాపుల ముందు ఒకే బోర్డు పెట్టండి. అప్పుడు జనం రోడ్డు దాటి పోయినా అక్కడా అదే మాట వింటారు. ఎవరి వ్యాపారమూ ఎవరికీ పోదు. కేరళలో 2024 జనవరిలో ఆపరేషన్ అమృత్ పేరుతో చీటీ లేని యాంటీబయోటిక్ అమ్మకాల మీద తనిఖీలు మొదలుపెట్టారు. అక్కడ ప్రభుత్వం చేసిన పనిని ఇక్కడ మీరే ముందుకు వచ్చి చేస్తే, తనిఖీకి వచ్చినవాళ్లే మీ దగ్గర నేర్చుకుని పోతారు.

చీటీ లేదంటే కొందరు గొడవ పడతారు. ఆ కొద్ది వారాలు కష్టంగానే ఉంటాయి. "నువ్వు డాక్టరువా" అంటారు. అప్పుడు కోపపడకుండా జ్వరం ఎన్ని రోజుల నుంచో అడగండి. వణుకు ఉందా, ఆయాసం ఉందా, మూత్రం తగ్గిందా, మనిషి మగతగా ఉన్నాడా, పసిబిడ్డ పాలు తాగటం మానేసిందా అని అడగండి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మాత్రతో ఆపకుండా వెంటనే పెద్దాసుపత్రికో దగ్గర్లోని ఆసుపత్రికో పంపండి, అవసరమైతే 108కి మీరే ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు మూత్రంలో మంట అంటే ముందు మూత్రం కల్చర్‌కు ఇచ్చి, తర్వాతే మందు మొదలుపెట్టమని చెప్పండి. మా నాయనకు మూడేళ్లలో ఒక్కసారైనా ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే, తొలిసారి మంట వచ్చినప్పుడే ఏ క్రిమో, దానికి ఏ మందో తెలిసిపోయేది. అప్పటికి దాని ప్లేటులో చాలా బిళ్లల చుట్టూ ఖాళీ ఉండే ఉంటుంది.

సమావేశానికి పిలిస్తే వస్తాను. ఆదివారమైనా, రాత్రి షాపులు మూసిన తర్వాతైనా సరే. ప్లేట్లు ల్యాబు బయటికి తేకూడదు కాబట్టి ఫోటోలు తెస్తాను. 16 ఏళ్ల కిందటి మెరోపెనెమ్ వలయం ఎలా ఉండేదో, ఇప్పుడు ఎలా ఉంటోందో పక్కపక్కన పెట్టి చూపిస్తాను. మా ఊరి షాపు అన్న కూడా వస్తానన్నాడు. ఎదురు షాపాయనను వెంట తెచ్చే పూచీ నాయన తీసుకున్నాడు.

ఇట్లు,
మీ జిల్లాలోని ఒక ల్యాబ్ టెక్నీషియన్,
కర్నూలు.